లక్క ముద్ర మీద సూదిపోటు

శనివారం నాడు స్వాతి అన్నది ఒకే ఒక్క మాట. "అసలుదే."

ఆ మాట వల్ల ఒక మనిషి మూడు రోజులుగా లాకప్‌లో ఉన్నాడు. ఆ మనిషి భార్య మంగళవారం పొద్దున పది గంటలకు వెతుక్కుంటూ వచ్చి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్వాతి ఉండే మొదటి అంతస్తు వాటా గుమ్మం ముందు చెప్పులు విడిచింది.

మాదాపూర్‌లో స్వాతి పనిచేసే కంపెనీ వెనక కొత్త భవనానికి పునాదులు తవ్వుతున్నారని, అక్కడ మట్టి మోసే రాజయ్య దగ్గర పాతకాలపు బంగారు నాణెం ఒకటి పోలీసులకు దొరికిందని పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మ్యూజియం ఆఫీసరు సెలవులో ఉన్నాడు. పక్క బిల్డింగులోనే రోమన్ నాణేల మీద పేపర్లో వ్యాసాలు రాసే అమ్మాయి ఉందని ఎవరో చెబితే, ఎస్సై భాస్కర్ ఆ నాణేన్ని అగ్గిపెట్టెలో వేసుకొచ్చి రిసెప్షన్ బల్ల మీద పెట్టాడు. కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని గుర్తుపట్టేలా చేయడం స్వాతి ఉద్యోగం. రెండువేల ఏళ్ళ కిందటి నాణేలను గుర్తుపట్టడం ఆమె పిచ్చి. భూతద్దంలోంచి రెండే నిమిషాలు చూసింది. తిబెరియస్ చక్రవర్తి తల, తల మీద ఆకుల కిరీటం, చెంప మీద నిలువుగా ఉలిగాటు. "అసలుదే" అంది. ఎస్సై ఇచ్చిన కాగితం మీద ఆ ముక్కే రాసి సంతకం పెట్టింది.

నాణెం ఒకటి ఉందంటే నాణేల కుండ ఎక్కడో ఉంటుంది. పోలీసుల లెక్క అది.

"లోపలికి రామ్మా" అంది స్వాతి.

"వద్దు బిడ్డా, కాళ్ళకు మట్టున్నది." రాజయ్య భార్య లక్ష్మమ్మ గడప అవతలే గోడకు ఆనుకుని కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. మొగుడూ పెళ్ళాం పాలమూరు నుంచి పనికి వచ్చి ఆరు నెలలైంది. ఆమె కొంగు నిండా ఎండిన సిమెంటు. "మూడు దినాల సంది మీ ఆఫీసు గేటు కాడ నిలబడుతున్న. వాచ్‌మన్ పోనిస్తలేడు. మీ కాడ ఊడ్చే సరిత లేదూ, ఆ పిల్ల చెప్పింది ఇల్లు."

"పోలీసులు ఏమంటున్నారు?"

"ఏమంటరు? కుండ యాడున్నదిరా అంటరు. లేదంటే కొడుతరు. నిన్న సద్ది తీస్కపోయిన. ఆయనకు చెయ్యి లేస్తలేదు. నేనే తినిపిచ్చిన. రెండు బుక్కలు తిని ఇగ చాలన్నడు." ఆమె ఏడవడం లేదు. కూలి పనికి ఏ వేళకు రావాలో చెబుతున్నట్టు చెబుతోంది. "సైటు కాడున్న మా గుడిసెంత ఎతికిన్రు. బియ్యం పారబోసిన్రు, బొంతలు చింపిన్రు. పొయ్యి మీద గంజి ఉడుకుతుండె. అదొక్కటే మిగిలింది మాకు."

స్వాతి గ్లాసుతో నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టింది.

"నువ్వేం చదువుకున్నవో నాకెరుక లేదు. గని ఆ ఎస్సై ఊకె నీ పేరే చెప్తున్నడు. మేడం చూసింది, మేడం తప్పు చెప్పదు అంటున్నడు. నువ్వు జర పోయి, అది ఉత్తదని చెప్తే ఇడిచిపెడ్తరు గద బిడ్డా?"

"ఉత్తది కాదమ్మా అది. నేను చూశాను."

"అయితే ఆ సారును పట్టుకోవాలె గని మా ఆయన్నెందుకు?"

"ఏ సారు?"

"అది ఇచ్చిన సారు. బండి మీద వచ్చిండు. 'ఇది నీ తాన పెట్టుకో, నేను ఇద్దరిని తీస్కొస్త, తవ్వుతుంటే దొరికిందని చూపియ్యి' అన్నడు. రెండొందలిచ్చిండు. మా ఆయన ఠాణల గదే చెప్పిండు. నవ్విన్రు. బంగారం ఎవడన్న నీ చేతిల పెట్టి పోతడారా అని ఇంకో రెండు తగిలిచ్చిన్రు."

"ఆ సారు ఎట్లా ఉంటాడు?"

"ఎర్రగ, పొడుగ్గ ఉంటడు. మాట మీ దిక్కు మాటనే. చేతికి రాగి కడెం. పాము తలకాయ తీరు ఉంటది."

స్వాతి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. పాము తలకాయ ఉన్న రాగి కడియం ఆమెకు బాగా తెలుసు. ఆ క్షణాన అది ఇంట్లోనే, స్నానాల గదిలో, సబ్బుపెట్టె పక్కన ఉంది. లోపల నీళ్ళ చప్పుడు కూడా వినబడుతోంది.

"ఇక్కడే కూర్చో అమ్మా. ఇప్పుడే వస్తా" అని, తలుపు దగ్గరగా వేసి, నడవలోకి నడిచింది.

*

మధ్య గదిలో మంచం కింద రేకు పెట్టె ఉంది. స్వాతి దగ్గర సొంతంగా ఉన్న రోమన్ నాణేలు పదకొండే. నాలుగు వెండివి, మిగిలినవి అరిగిపోయిన రాగివి. అవి చిన్న డబ్బాలో సరిపోతాయి. అసలు ఆస్తి ఆ పెట్టెలో ఉంది, నలభై మూడు జతల లక్క ముద్రలు.

వాళ్ళ నాయన గోవిందప్ప ప్రొద్దుటూరులో కంసాలి. చుట్టుపక్కల చేలల్లో నాగలికి తగిలిన పాత బంగారు కాసులు కరిగించడానికి ఆయన కుంపటి దగ్గరికే వచ్చేవి. ఎవరికీ ఆ కాసు మీది బొమ్మతో పని లేదు, కమ్మలైనా ముక్కుపుడకైనా కావాలి. స్వాతికి పదేళ్ళప్పుడు అలాంటి కాసు ఒకటి ఆమె చేతికి వచ్చింది. దాని మీద ఒక మగవాడి ముఖం, చెంప మీద కన్నీటి చారలాంటి గాటు. ఎవరో ఏడుస్తున్నట్టుందని ఆమె దాన్ని పిడికిట్లో దాచుకుని ఇవ్వనని ఏడ్చింది. అవతలి మనిషి బయట అరుగు మీద కాచుకుని ఉన్నాడు. గోవిందప్ప పిడికిలి విప్పించి, కాసును లక్కలో ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఒత్తి, ఆ ముద్రలు కూతురి చేతిలో పెట్టి, కాసును కరిగించడానికి మూసలో వేశాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి పాత కాసుకూ అలాగే చేశాడు. చివరికి నలభై మూడు జతలయ్యాయి.

ధర అడిగేవాళ్ళతో స్వాతికి ఈ రోజుకీ మాట కలవదు. ఆ కాసు ఏ ఓడ దిగింది, మిరియాలకు మారిందా ముత్యాలకా, ఆ గాటు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, అదే ఆమెకు కావాలి. ఏ నాణెం చేతికొచ్చినా దాని మీద పలచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు దాచుకోవడం అలవాటు. శనివారం నాడు ఎస్సై తొందరపెడుతున్నా ఆ పని చేసింది.

ఇప్పుడు ఆ కాగితాన్ని మంచం మీద పరిచింది. పక్కన మొదటి నంబరు లక్క ముద్ర పెట్టింది.

లక్కలో తిరగబడి ఉన్నా గాటు అదే. కంటి కింద మొదలై, పెదవి దగ్గర కొంచెం వంగి, గడ్డం మీద ఆగింది. ఉలి గాట్లు ఏ రెండూ ఒక్కలా ఉండవు.

కాని ఈ కాసు కరిగిపోయి పదిహేడేళ్ళయింది. కరగడం ఆమె కళ్ళారా చూసింది.

స్వాతి భూతద్దం తీసింది. కాగితం మీద, చక్రవర్తి మెడ కింద, సరిగ్గా అంచు మీద, పెన్సిలు మరకలో ఆవగింజంత నల్లచుక్క. అలా నల్లగా పడిందంటే నాణెం మీద అక్కడ బొడిపె ఉన్నట్టు. శనివారం నాడు దాన్ని చూసి మురికి అనుకుంది.

అదే చోట లక్క ముద్ర మీద గుంట ఉంది. సూదిపోటు.

అది నాయన గుర్తు. కాసు కరిగించగానే దాని ముద్ర అంచున సూదితో ఒక పోటు పొడిచేవాడు. ఇది ఇక లేదు అని దానర్థం. ఆ సూది తగిలింది లక్కకే, కాసుకు కాదు. అసలు కాసు మీద అక్కడ ఏమీ ఉండే వీల్లేదు. లక్కలో గుంట ఉంటే, ఆ లక్కలో మైనం ఒత్తి పోతపోసిన నాణెం మీద బొడిపె వస్తుంది.

స్వాతి భూతద్దం పక్కన పెట్టింది. శనివారం ఆమె చూసింది నాణేన్ని కాదు. ఆ గాటును చూడగానే చిన్నప్పుడు తప్పిపోయిన మనిషి ఎదురైనట్టయింది. ఆ తెలిసిన ముఖం చూసి అసలుదే అనేసింది.

*

"ఏంది పాపా, ఆఫీసుకు పోలేదా?" సురేంద్ర తల తుడుచుకుంటూ వచ్చాడు. స్వాతి అన్న, ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. చందానగర్ నుంచి నార్సింగి దాకా ఎక్కడ ఎవరి పొలం ప్లాట్లవుతోందో నోటికి చెబుతాడు. మంచం మీది లక్క ముద్ర చూసి, చేతిలోని తువ్వాలు మెడ మీద వేసుకుని, తలుపు మూశాడు.

"రాజయ్య పెండ్లాం వచ్చింది. బయట కూర్చోనుంది" అంది స్వాతి.

"నన్ను చూసిందా?"

"నీ కడెం చూసింది."

సురేంద్ర చేయి వెనక్కి పెట్టుకున్నాడు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి పట్టుబడితే అలాగే పెట్టుకునేవాడు. "ఆమె పోయినాక బయటికొస్తాలే."

"అది పోత పోసింది అన్నా. అసలుది కాదు. ఆ మనిషిని లేని కుండ కోసం చంపుతాండారు."

"గొంతు తగ్గించు." అతను మంచం చివర కూర్చున్నాడు. "నేను దాన్ని అమ్మలా. జూబ్లీహిల్స్‌లో ఒకాయన ఉండాడు. షోకేసులో పెట్టుకునేదానికి పాత వస్తువులు కావాల. అంగట్లో కొంటే నమ్మడంట, గుంతలోనుంచి తీసింది తీసినట్టు కావాలంట. సరే, గుంత చూపిస్తామనుకున్నా. ఆయప్ప వచ్చేలోపల పోలీసోళ్ళు వచ్చినారు. నేనేమన్నా పిలిచినానా వాళ్ళను?"

"పోయి చెప్పు ఆ మాట."

"ఎవరు నమ్ముతారు? అసలుదని చెప్పిండేది నువ్వు కదా." సురేంద్ర ఆమె ముఖంలోకి చూశాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడుగుతున్నాడు. "నువ్వు ఆ పొద్దు దొంగదని ఒక్క మాట అనింటే, వాణ్ని రెండు తన్ని ఇంటికి పంపిచ్చింటారు. నేనూ అదే అనుకుంటిని. పాపకు తెలీకుండా పోతాదా, చూస్తానే కనిపెడతాదిలే అని. నువ్వు సంతకం పెట్టినావని విని నేనే నోరు తెరిచినా."

స్వాతి లక్క ముద్ర చేతిలోకి తీసుకుంది.

"సరే. పోత ఎవరు పోసినారు?" అని అడిగింది. "నీకు పటకారు పట్టుకునేది కూడా రాదు."

సురేంద్ర తలుపు వైపు చూశాడు. తలుపు మెల్లగా తెరుచుకుంది.

"నేనే పాపా" అన్నాడు గోవిందప్ప.

కంటి ఆపరేషన్ అయ్యి ఇరవై రోజులు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో. "వచ్చే నెల నీ పుట్టినరోజు కదా. కండ్లు పూర్తిగా పోకముందే ఒకటి చేసిద్దామని, ఆపరేషనుకు ముందే చేసినా. మీ అమ్మ కమ్మలు ఉన్యాయి కదా నా దగ్గర, అవి కరిగిచ్చినా. ఒక్కటే చేసినా. నువ్వు ఏడ్చిందే, అది."

"నాయనా…"

"నా బీరువాలో పెట్టింటి. కనపడలేదు. కండ్లు సరిగా లేవు కదా, యాడో పెట్టి మర్సిపోయినానేమో అనుకుంటి. అడిగితే బాగుండదని ఊరుకున్యా."

సురేంద్ర నేల చూస్తున్నాడు.

"ఆ బొడిపె అరగదీసేది నాకు ఒక నిమిషం పని" అన్నాడు గోవిందప్ప. "కావాలనే ఉంచినా. అది చూస్తానే ఇది నాయన చేసింది అని గుర్తుపడతావనుకున్యా. నువ్వు అంచు చూడకుండా ఉండవు కదా అని."

స్వాతి తల వంచుకుంది. ఆమెను ఎవరూ కొట్టలేదు. కాని దెబ్బ తగిలిన చోటు పట్టుకున్నట్టు రెండు చేతులతో ముఖం పట్టుకుంది.

ఇక చేయాల్సింది ఒకటే. పెన్సిలు అచ్చు, లక్క ముద్ర రెండూ చేతిసంచిలో పెట్టుకుంది. స్టేషన్‌కు పోవాలి. ఇది నాణెం కాదు, మా నాయన చేసిన బొమ్మ అని చెప్పాలి. బొమ్మకు కుండ ఉండదు. రాజయ్య బయటికి వస్తాడు.

"నేనూ వస్తా పాపా. చేసింది నేనని చెప్తా. నువ్వు చెప్తే నమ్మరేమో, చేసినోడు చెప్తే నమ్ముతారు."

"నువ్వెట్ల పోతావు?" సురేంద్ర లేచి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "నాలుగు గంటలకోసారి కంట్లో చుక్కలెయ్యాల. లాకప్‌లో ఎవరేస్తారు? దుమ్ము పడితే కన్ను పోతాదని డాక్టరు చెప్పలా? పాపా, నాయన చేసినాడని నువ్వు చెప్పినావంటే మొదట ఎవరిని తీసుకపోతారు? నన్ను కాదు. చేసినోణ్ని తీసుకపోతారు. నన్ను తిట్టు, కొట్టు. ఒక్క పది రోజులు ఆగు."

"పది రోజులు రాజయ్య ఆగుతాడా?"

ఒకవైపు చెయ్యి లేవని మనిషి. ఇంకోవైపు కన్ను నిలవాల్సిన మనిషి. సంచి బరువు పావు కిలో కూడా ఉండదు. అయినా స్వాతికి దాన్ని భుజాన వేసుకోవడం చేతకాలేదు. చేతిలో పట్టుకునే అన్నను పక్కకు తోసి గదిలోంచి బయటికి వచ్చింది.

నడవలో ఫోన్ మోగింది.

*

"మేడం, నేను ఎస్సై భాస్కర్‌ను." వెనక జనం గోల, పార చప్పుడు వినబడుతున్నాయి. "ఇక్కడ సైటు ఆఫీసుల నుంచి చేస్తున్న. మీకు థాంక్స్ చెప్పాలె."

"నేనే మీ దగ్గరికి వస్తున్నానండి. మీకొక విషయం చెప్పాలి. ఆ నాణెం…"

"ఆ నాణెం సంగతి ఇడిచిపెట్టుండ్రి. ఇగ ఒప్పుకున్నడు. పొద్దున ఇక్కడికి తోలుకొస్తే తానే చూపించిండు. మీ మాట మీదనే గదా మేం మూడు దినాలు అడిగింది. లేకపోతే ఎప్పుడో ఇడిచిపెట్టేటోళ్ళం."

"ఏం చూపించాడు?"

"కుండ మేడం. దొరికింది."

"కుండ దొరికిందా?" వెనక, గదిలోంచి సురేంద్ర కాలు ఒకటి బయట పెట్టి ఆగిపోయాడు. "అందులో… అందులో ఏమున్నాయి?"

"ఇంకేముంటయ్? గవే. ఇరవై తొమ్మిది లెక్కపెట్టిన్రు, ఇంక మట్టిల ఉన్నయి. అన్నిటికీ ఆ మొఖమే. కొన్నిటికి గాట్లున్నయి."

"ఒక్కటి చేతిలోకి తీసుకోండి. మెడ కింద, అంచు మీద, చిన్న బొడిపె ఉందా? గోటితో చూడండి."

అవతల నాణేలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. "లేదు మేడం. సాఫ్‌గ ఉన్నది. ఇంకోటి చూస్త… గిది గూడ సాఫే."

సాఫ్‌గా ఉన్నాయి. సూదిపోటు లేదు. నాయనవి కావు. రెండువేల ఏళ్ళుగా ఎవరూ చూడని ముఖాలు ఇరవై తొమ్మిది, ఇంకా మట్టిలో ఎన్నో.

సిగ్గుపడాల్సిన మాటే అయినా చెప్పక తప్పదు. ఆ ఒక్క క్షణం స్వాతి మనసు ఎగిరి గంతేసింది. రాజయ్య చెయ్యి, నాయన కన్ను, అన్న కడియం అన్నీ పక్కకు తప్పుకున్నాయి. వాటిని ఇప్పుడే, మట్టి తుడవక ముందే చూడాలనిపించింది. మరుక్షణం చేతిసంచి మోకాలికి తగిలింది. అందులో ఉన్న నిజం ఇప్పుడు ఎవరికి కావాలి? మొదటి నాణెం దొంగదని చెబితే, నిండు కుండ ముందు కూర్చున్న ఎస్సై నవ్వుతాడు. లేదా దొంగను కాపాడడానికి వచ్చిందంటాడు. నమ్మాడా, నాయన లోపలికి పోతాడు, రాజయ్య మాత్రం బయటికి రాడు. ఎటు మాట్లాడినా ఎవరికీ మేలు లేదు.

"జీపు పంపిస్తున్న మేడం. మీరు జల్ది రావాలె. మీరు చూసి చెప్తేనే పంచనామ రాస్తరట."

వీధి తలుపు కిర్రుమంది. లక్ష్మమ్మ లోపలికి వచ్చింది. కాళ్ళకు మట్టున్నదన్న సంగతి మరిచిపోయి, గడప దాటి, ఫోను దగ్గర దాకా నడిచి వచ్చింది. గది గుమ్మంలో కడియం చేతిని తువ్వాలు కింద దాచుకుని నిలబడ్డ సురేంద్ర వైపు చూడనైనా చూడలేదు. మూడు రోజులుగా కంటి మీద కునుకు లేని ముఖం. ఆమె అడిగింది మొగుడి సంగతి కాదు.

"యాడి కుండ దొరికిందంటరు బిడ్డా?" అంది. "పొయ్యి కిందిదా, గోడలదా?"

స్వాతి చప్పున రిసీవరును అరచేత్తో మూసింది. అప్పటికే ఆలస్యమైంది. వేళ్ళ సందుల్లోంచి ఎస్సై గొంతు నెమ్మదిగా, చాలా మర్యాదగా వినిపించింది.

"పక్కన ఎవరు మేడం?"